అతిధ్వనులు – మడ్డిని వేఱుచేయు విద్య



సుల్తాన్ బజారు అనగానే మనవారికి చీరల దుకాణములు, గాజుల దుకాణములు, పండుగదినముల త్రొక్కిసలాట జ్ఞప్తికి వచ్చును. పెండ్లిబట్టలకై హైదరాబాదు వచ్చిన పల్లెవారు ఆ వీథి చూడక మరలిపోరు. నేను నేడు ముచ్చటింపబోవు విషయము చెవికి వినబడని ధ్వనిని గూర్చినది; అణుశక్తి కర్మాగారముల మడ్డిని ఆ ధ్వనిచేత వేఱుచేయు యత్నమును గూర్చినది. దీనిని బట్టల బజారునుండి మొదలుపెట్టుట వింతగా దోచవచ్చును. అయినను శాస్త్రవిషయములు తెలుగువాని యింటికి తెలుగుమాటలలో వచ్చిన త్రోవలలో ఒకటి ఆ బజారు మీదుగనే వచ్చినది. కనుక ముందుగా ఆ త్రోవను చెప్పెదను.

1933వ సంవత్సరము వఱకు ఆ ప్రాంతము రెసిడెన్సీ బజారు. నిజాము కొలువున బ్రిటిషువారి ప్రతినిధి యగు రెసిడెంటు దాపుననున్న కోఠీ సౌధమున వసించుచుండెను. 19వ శతాబ్ది తొలినాళ్ళలో కిర్క్ పాట్రిక్ అను రెసిడెంటు కట్టించిన సౌధమది. దాని చుట్టునున్న బజారులపై అధికారము నిజాముది గాదు, రెసిడెంటుది. 1933లో ఆ బజారులు నిజాము ప్రభుత్వమునకు మరల దక్కినవి. సుల్తాన్ బజారను పేరు స్థిరపడినది. నిజాము ఏలుబడిలో సభ చేయవలెనన్నను, సంఘము పెట్టవలెనన్నను చిక్కులు పెక్కు. రెసిడెన్సీ బజారున ఆ చిక్కులు తక్కువ. కావుననే 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దానికి అండగా నిలిచిరి. తెలుగు చదువుటయే నామోషీగా నెంచబడిన ఆ దినములలో అది చిన్న సాహసము గాదు.

ఆ మిత్రులే 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పిరి. రెండేండ్లకు అది మదరాసునకు తరలిపోయినది గాని పుట్టిన యూరు హైదరాబాదే. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రముతో మొదలై, ఆ గ్రంథమాలలో చరిత్రములు, నవలలతోబాటు పదార్థవిజ్ఞానము, రసాయనము మొదలగు శాస్త్రములకును తావు గలిగెను. ఉష్ణము, ధ్వని, విద్యుత్తు అను విషయములను ఇంగ్లీషు రానివాడును చదువుకొనవచ్చునని ఆ గ్రంథమాల నిరూపించినది. నాకు ఆ నిలయమున పాతపుస్తకముల నడుమ గూర్చుండుట యిష్టము. అట్టి పుస్తకములలో శాస్త్రపుమాట దొరకనిచోట గ్రంథకర్తలు పొలములోనుండియో, వంటయింటినుండియో మాట తెచ్చుకొనిరి. నేనును నేడు ఆ పద్ధతినే అనుసరింపదలచితిని.

ఆ బజారునుండి నడచిపోదగిన దూరమున, బషీర్ బాగులో, 1887లో స్థాపింపబడిన నిజాము కళాశాల కలదు. కృష్ణామండలమున 1909లో జన్మించిన సూరి భగవంతముగారు ఆ కళాశాలలో పదార్థవిజ్ఞానము చదివి, 1928లో కలకత్తాకు పోయి సర్ సి. వి. రామనుగారి శిష్యులైరి. రామను ఫలితము వెలువడిన సంవత్సరమదియే. తరువాత 1932లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు వచ్చి, వాల్తేరున పెద్ద శిష్యబృందమును తయారుచేసిరి. అచ్చట వారును, వారి శిష్యులు రామచంద్రరావుగారును అత్యంత వేగముగా కంపించు ధ్వనితరంగములపై 1940 మొదలగు సంవత్సరములలో పరిశోధనలు సాగించిరి. భగవంతముగారు పిదప 1952 నుండి 1957 వఱకు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగాను, ఆపైన బెంగుళూరు విజ్ఞానసంస్థకు అధ్యక్షులుగాను ఉండిరి. చదివిన యూరికే విశ్వవిద్యాలయ పాలకులై మరలివచ్చుట ఎందఱికి గలుగును?

ఇక ఆ ధ్వని యేమో చూతము. తంబురతీగ మీటినచో అది యిటునటు కంపించును; ఆ కంపము గాలిలో అలలై వచ్చి మన చెవిని దాకును. క్షణమునకు, అనగా సెకండునకు, సుమారు 20 కంపములకు తక్కువైనను, 20,000 కంపములకు మించినను మనుష్యుని చెవి వినజాలదు. ఈ రెండవ గీటు దాటిన ధ్వనిని అతిధ్వని యందురు. కుక్క అందులో కొంత వినును. గబ్బిలము అట్టి కూతలే కూసి, వాని ప్రతిధ్వనినిబట్టి చీకటిలో దారి తెలిసికొనును. చెవులు మూసినచో గబ్బిలము దారి తప్పునని 18వ శతాబ్ది చివరనే కనిపెట్టిరి గాని, ఆ కూతలను యంత్రముతో పట్టిచూపుట 1938లో గాని సాధ్యపడలేదు.

అతిధ్వనిని మనుష్యుడు పుట్టించుటకు సాధనమైనది మన చేలగట్లమీద పడియుండు పలుగురాయి జాతిదే. దాని స్ఫటికమును తగిన రీతిని కోసి అదిమినచో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు పెట్టినచో ఆ పలుకు సంకోచించి వ్యాకోచించుననియు మఱుసటి సంవత్సరమే తేలినది. విద్యుత్తును క్షణమునకు లక్షలమారులు త్రిప్పిత్రిప్పి పెట్టినచో పలుకు అన్నిమారులు కంపించును. 1917లో, మొదటి మహాయుద్ధకాలమున, పాల్ లాంజెవాన్ అను ఫ్రెంచి పండితుడు ఈ యుపాయముతోనే నీటిలోనికి ధ్వనిని పంపి, జర్మనుల జలాంతర్గాములను ప్రతిధ్వనివలన పసిగట్ట జూచెను. ఆ తొట్టిలో ధ్వనికి అడ్డువచ్చిన చేపలు చచ్చినవి. చేయి పెట్టినవానికి నొప్పి గలిగెను. పది సంవత్సరములకు అమెరికాలో వుడ్డు, లూమిస్ అనువారు దీనినే వింతవింత రీతుల పరీక్షించి 1927లో ప్రకటించిరి. నూనెలో ధ్వనిని పుట్టింపగా నూనె మధ్యలో గుట్టవలె పైకుబికినది. ఆ నూనెలో ముంచిన గాజుకడ్డిని పట్టుకొన్నచో వ్రేళ్ళు కాలినవి. కడ్డి మాత్రము చూచుటకు నిశ్చలముగనే యుండెను!

వీరికంటె ముందే, 1866లో, జర్మనీయుడగు కుంటు చేసిన చిన్నపరీక్ష యొకటి నాకు మిక్కిలి యిష్టము. గాజుగొట్టములో సన్నని పొడి చల్లి, లోపలి గాలిని ధ్వనిచే కంపింపజేసెను. పొడి గొట్టము పొడుగున సమానదూరములలో చిన్నచిన్న కుప్పలుగా పేరుకొనెను. చేటయు లేదు, చీపురును లేదు. పొడిని ఊడ్చి కుప్పవేసినది ధ్వనియే. నేటి మన విషయమునకు మూలము ఆ కుప్పలలో గలదు.

ధ్వని వస్తువును నెట్టునను మాట పైకి విడ్డూరముగా నుండును. పగ్గము కొనను గుంజకు గట్టి, రెండవకొన పట్టి తగిన వేగముతో ఊపుడు. పగ్గమున కొన్నితావులు మిక్కిలి యెగసిపడును, కొన్ని కదలకయే నిలుచును. నీటితొట్టిలో ఒకప్రక్కనుండి ధ్వనిని పంపి, ఎదుటిగోడనుండి మరలివచ్చునట్లు చేసినచో నీటిలోను ఇట్టి నిలుకడ తరంగమేర్పడును. అందు కొన్నితావుల ఒత్తిడి క్షణక్షణము హెచ్చి తగ్గుచుండును. వాని నడుమ ఒత్తిడి మాఱని తావులుండును. నీటిలో ధ్వని క్షణమునకు సుమారు 1,500 మీటర్లు పోవును. కంపములు క్షణమునకు పదిలక్షలైనచో అల పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు. ఒత్తిడి మాఱని తావులు ముప్పాతిక మిల్లీమీటరు కొకటి చొప్పున పొరలుపొరలుగా నేర్పడును. ఆ నీటిలో ఇసుకనలుసున్నదనుకొందము. అది నీటికంటె బరువైనది, నీటివలె నదుమబడదు. అందుచే అల యొక్కొక్కమారు ముందునకు నెట్టిన నెట్టుడును, వెనుకకు లాగిన లాగుడును సరిగా చెల్లుపడవు. అత్యల్పమైన శేషము మిగులును. ఆ శేషము ఎల్లప్పుడు ఒకే దిక్కునకు బనిచేయును. క్షణమునకు పదిలక్షలమారులు చేయును. నలుసు మెల్లగా కదలి ఒత్తిడి మాఱని పొరను జేరును. పోలిన నలుసులన్నియు అచ్చటనే కూడి ముద్దగట్టును. ధ్వనిని ఆపినచో ఆ ముద్ద తనబరువున అడుగునకు దిగిపోవును. ఈ బలమునకు లెక్క గట్టినవారిలో మొదటివాడు 1934లో కింగు అను పండితుడు. 1955లో జపానువారు యోసియోకా, కవాసిమా దానిని సవరించిరి. 1962లో రష్యావాడు గొర్కోవు సులభసూత్రముగా చెప్పెను.

ముద్దగట్టుట యెందులకన్న ప్రశ్నకు ఏటి ఒండ్రే సమాధానము. వరదనీటిలోని ఇసుక గడియలోపల అడుగుపట్టును. బంకమన్ను దినములు తేలియుండును. నలుసు పదిరెట్లు పెద్దదైనచో నూఱురెట్లు వడిగా దిగును.

నల్లగొండసీమలో ఒక పల్లెయందు నేనీ విషయము చెప్పుచుండగా ఒక వృద్ధుడు అడ్డువచ్చి, “అయ్యా, మా తాత చిల్లగింజ అరగదీసి కుండల ఏసెటోడు. పొద్దటికి నీళ్ళు తేటగయ్యేవి. గట్లనేనా ఇది?” యని యడిగెను. ఆ ప్రశ్న చక్కని ప్రశ్న. చిల్లగింజనే ఇండుపగింజ యందురు, సంస్కృతమున కతకము. దాని గంధములోని పదార్థము కలకలోని నలుసుల నొకదానికొకటి అంటించి ముద్దగట్టించును. ధ్వనియు ముద్దగట్టించును, కాని నీటిలో వేఱొక పదార్థమును కలుపదు. అణుకర్మాగారమువారికి ఆ భేదమే ముఖ్యము.

అణుకర్మాగారములో కలక యెక్కడిదని యడుగుదురేమో. సుల్తాన్ బజారునకు ఈశాన్యమున, మౌలాలి చేరువను, 1971 నుండి అణు ఇంధన సముదాయము పనిచేయుచున్నది. దాని పొరుగుననే 1967లో, పశ్చిమగోదావరి మొగల్లువారైన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున ఎలక్ట్రానిక్సు కార్పొరేషను వెలసెను. అణు ఇంధన సముదాయమున యురేనియము భస్మమును బిళ్ళలుగాజేసి జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో నింపి రియాక్టర్లకు పంపుదురు. ఆ గొట్టములలో కంటికానని బీటలున్నవేమోయని పరీక్షించునదియు అతిధ్వనియే: గొట్టమును నీటిలోనుంచి ధ్వనిని పంపగా బీటనుండి ప్రతిధ్వని వచ్చును. ఈ గొట్టములు రియాక్టరులో కాగి వెలికివచ్చునప్పటికి వానిలో సీసియము, స్ట్రాన్షియము మొదలుగాగల తీవ్రమైన రేడియోధార్మిక పదార్థములు పుట్టియుండును. ఈ రెంటిలో ఒక్కొక్కటి సగమగుటకే సుమారు 30 సంవత్సరములు పట్టును. ప్లుటోనియములో ముఖ్యమైన రకమునకు 24,000 సంవత్సరములు పైబడును.

మనదేశమున ఆ వాడిన యింధనమును పాఱవేయక, ముక్కలుకోసి, కాగిన నత్రికామ్లములో కరగించి, యురేనియమును ప్లుటోనియమును మరల రాబట్టుదురు. ఇట్టి మొదటి కర్మాగారము బొంబాయి చెంత ట్రాంబేలో 1964లో పనిచేయ నారంభించెను. చిక్కు అక్కడ వచ్చును. ఆమ్లములో అంతయు కరగదు. గొట్టము కోసినప్పుడు రాలిన లోహపు రజను, రుథేనియము, రోడియము, పల్లాడియము మొదలగువాని అతిసూక్ష్మమైన నలుసులు మిగిలిపోవును. ఇవి గొట్టముల వంపులలో చేరి అడ్డుపడును, తమ వేడిమిచే తామే కాగుచుండును. ఆమ్లమునుండి యురేనియమును పీల్చుటకు కిరసనాయిలులో కలిపిన ద్రావకమును వాడుదురు. ఈ నలుసులు ఆ రెండు ద్రవముల నడుమ జేరి మీగడవలె గట్టి, వానిని విడివడనీయవు.

వడగట్టిన సరిపోదా? సరిపోవును గాని, వడబట్ట నిండినప్పుడు దానిని మార్చువాడెవడు? మీటరు మందమున్న కాంక్రీటు గోడకు ఈవలనుండి యంత్రపుచేతులతో చేయవలసిన పని యది. కవ్వమువలె గిరగిర త్రిప్పి మడ్డిని అంచునకు నెట్టు యంత్రములున్నవి. అవి మంచి పనిముట్లే. కాని తిరుగుదానికి ఇరుసు అరుగును, అరిగినదానిని బాగుచేయుటకు మనిషి దరిజేరరాదు. అతిధ్వనిపై శాస్త్రజ్ఞుల కన్నుపడుటకు కారణమిదియే. అందు తిరుగునది లేదు, నిండునది లేదు. పలుకును గోడకు వెలుపల అమర్చి లోపలికి ధ్వనిని మాత్రము పంపవచ్చును.

ఇంత మేలైనదైనచో అన్నిచోట్ల నేల వాడుటలేదు? ధ్వని నెట్టుడు నలుసు ఘనపరిమాణమునుబట్టి యుండును. నీరు పట్టియాపు బలము దాని అడ్డుకొలతనుబట్టి యుండును. కావున నలుసు పదోవంతైనచో దాని నడక నూఱోవంతగును. మిల్లీమీటరులో వేయవవంతుకంటె చిన్ననలుసుల విషయమున, ధ్వనివలననే ద్రవములో పుట్టు సుడులు వానిని పొరనుండి ఎగదన్నుకొనిపోవును. ఎక్కువ ధ్వనిని పంపిన ద్రవము వేడెక్కి కలకబాఱును. కష్టమైనవన్నియు ఆ చిన్ననలుసులే. జీవకణములు పెద్దవగుటచే మందులు తయారుచేయు కర్మాగారములలో కణములను ద్రవమునుండి వేఱుచేయుటకు ఈ పద్ధతి 1990 తరువాత చక్కగా నెలకొన్నది. అణువ్యర్థముల విషయమున ఇది ముఖ్యముగా ప్రయోగశాలల పరిశోధనగానే యున్నది. వార్తాపత్రికలలో దీనిని గూర్చి కొండంతలుగా వ్రాయుదురు. నాకు ఆ ఉత్సాహము పట్టదు. అయినను దీనిని త్రోసివేయుటయు తగదు.

ఆలస్యముచేసినవారి గతి అమెరికాలోని హాన్ ఫర్డులో కానవచ్చును. అచ్చట 1944 మొదలు దశాబ్దములపాటు ప్లుటోనియము తీసి, మిగిలిన ద్రవమును భూమిలో పాతిన 177 తొట్లలో పోసిరి. దాదాపు 21 కోట్ల లీటర్లు. అడుగున మడ్డి, నడుమ ఉప్పుగడ్డ, పైన ద్రవము. కొన్ని తొట్లు కారినవి. మడ్డిని ద్రవమును వేఱుచేసి గాజుగా మార్చు పని తరములు పట్టునదిగా నున్నది. మొదటనే వేఱుచేసియుంచినచో ఇంత యుండెడిది గాదు.

మన సీమలకు దగ్గఱిది వేఱొక మడ్డి. కడపమండలమున తుమ్మలపల్లె యురేనియము గని, మర 2012 నుండి పనిచేయుచున్నవి. అచ్చటి ఖనిజమున వేయి కిలోల రాతికి అరకిలో యురేనియమైనను రాదు. తక్కినదంతయు పిండిగా మారి నీటితోగూడ మడ్డిచెరువునకు బోవును. యురేనియమునకు తోబుట్టువగు రేడియము అందులోనే యుండిపోవును. చుట్టుప్రక్కల పల్లెలవారు తమ బోరునీటిని గూర్చి ఫిర్యాదులు చేసిరి. నల్లగొండలో లంబాపురము–పెద్దగట్టు గనులను, నాగార్జునసాగరమునకు చేరువయని జనులు ఎదిర్చిరి. నల్లమల విషయమున 2019లో తెలంగాణ శాసనసభ గనులు వలదని తీర్మానించెను. పల్లెపెద్దలు ఇట్టి విచారణలకు పిలువబడుదురు, వారియెదుట ఇంగ్లీషుమాటల నివేదికలు పెట్టబడును. కావున రెండు మడ్డులకును గల భేదమును చెప్పుచున్నాను. కొండలంత పిండిని ధ్వనితో వేఱుచేయుట యెవరివలనను గాదు. అక్కడ అడుగవలసినది చెరువు అడుగుకు పఱచిన పొర యేది, నీటిని ఏ బావులలో, ఎన్నినాళ్ళకొకమారు పరీక్షించుచున్నారు అనునదియే. ఇంధనపు మడ్డి కొంచెము, కాని అతితీవ్రము. అక్కడనే ధ్వనివంటి సూక్ష్మోపాయములకు చోటు గలదు.

ఆ నల్లగొండ వృద్ధుడు రెండవప్రశ్నయు వేసెను. “మడ్డి తీసినరు సరే. మరి దాన్నెక్కడ పెడ్తరు?” మనదేశమున ఆ తీవ్రవ్యర్థమును గాజుతో కరగించి, ఉక్కుడబ్బీలలో పోసి గట్టిపఱతురు. ట్రాంబే, తారాపూరు, కల్పాకములలో ఆ పని జరుగుచున్నది. తారాపూరున ఆ డబ్బీలను భూగర్భపు గదులలో నుంచి, గాలి తనంతట తాను ప్రసరించి చల్లార్చునట్లు కట్టిరి. శాశ్వతముగా లోతున పాతు గుహ మనదేశమున ఇంకను ఏర్పడలేదు. ఫిన్లండువారు ఓల్కిలుఓటో ద్వీపమున, 400 మీటర్లకు మించిన లోతున, గట్టిరాతిలో అట్టి గుహను తొలచిరి.